ఆడదానికి తగని ఉద్యోగమా?

(బి.యస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థిని)

బి.యస్సీ. ఆఖరి సంవత్సరానికి వచ్చిన ప్రతివాళ్ళకూ సంక్రాంతి సెలవుల్లో వొక ప్రశ్న తప్పదు. "తరవాత ఏం చేస్తావు?" అన్నది ఆ ప్రశ్న. మొన్న పండక్కి మా మేనమామ నన్ను అదే అడిగాడు. "ఫోరెన్సిక్ సైన్సులో ఎమ్మెస్సీ చేద్దామనుకుంటున్నా మావయ్యా" అన్నాను. అంటే ఏమిటన్నాడు. రక్తపు మరకలు, విషాలు, వేలిముద్రలు, వీటిని పరీక్షించి నేరం ఎట్లా జరిగిందో తేల్చే శాస్త్రమని చెప్పాను. ఆయన చేతిలోని అరిసె చేతిలోనే వుండిపోయింది. "శవాల దగ్గర పనా? ఆడపిల్లవి, నీకెందుకమ్మా అవన్నీ? శుభ్రంగా బి.యిడి. చేసుకో" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి పలకలేదు. నాన్న గేదెకు మేత వేసే నెపంతో లేచి బయటికి వెళ్ళాడు.

మావయ్య మీద నాకు కోపం లేదు. ఆయన నా మేలు కోరేవాడే. కాని ఆయన అన్న మాట వొట్టి మా యింటి మాట కాదని, సముద్రాల అవతల కూడా అదే మాట అంటారని, సెలవులు అయిపోయి కాలేజీకి వచ్చాక లైబ్రరీలో దొరికిన వొక పాత ఇంగ్లీషు నవల చూసి తెలుసుకున్నాను. అట్ట వూడిపోయి, దారాలు బయటపడిన పుస్తకం. పేరు 'యాన్ అన్‌సూటబుల్ జాబ్ ఫర్ ఎ ఉమన్'. అంటే ఆడదానికి తగని ఉద్యోగం. రాసినావిడ పి.డి. జేమ్స్. అచ్చయింది 1972లో. ఆ పేరు చూసే పుస్తకం ఇంటికి తెచ్చుకున్నానని వేరే చెప్పనక్కరలేదు. ఈ వ్యాసం ఆ పుస్తకానికి సమీక్ష కాదు. ఆ పేరులో వున్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు. జవాబు చెప్పాలంటే కథ చివరిదాకా చెప్పక తప్పదు. ముగింపు ముందే తెలిస్తే నచ్చనివాళ్ళు నన్ను మన్నించాలి.

కథానాయిక కార్డీలియా గ్రే. వయసు ఇరవై రెండు. తల్లి పురిట్లోనే పోయింది. కాన్వెంటులో బాగా చదువుకుంటూ, కేంబ్రిడ్జిలో చేరాలని కలలు కంటున్న పిల్లను తండ్రి పదహారో ఏట చదువు మాన్పించి తనకూ, తన మిత్రులకూ వండిపెట్టడానికి పిలిపించుకున్నాడు. (మన వూళ్ళ నాన్నలకే ఈ తెలివి వుందనుకున్నాను ఇన్నాళ్ళూ!) తరవాత ఆ పిల్ల లండన్‌లో బెర్నీ ప్రైడ్ అనే మాజీ పోలీసు నడిపే ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీలో చేరి భాగస్వామి అయింది. కథ మొదలయ్యేసరికి ఆ బెర్నీ రోగం భరించలేక ఆత్మహత్య చేసుకుంటాడు. ఆమెకు మిగిల్చింది ఏజెన్సీ పేరు, నాలుగు పనిముట్లు, లైసెన్సు లేని వొక పిస్తోలు. ఇక ఈ వ్యాపారం కట్టిపెట్టు, ఇది ఆడదానికి తగిన పని కాదని తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ సలహా చెబుతారు.

అప్పుడే వొక కేసు వస్తుంది. సర్ రోనాల్డ్ కాలెండర్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త కొడుకు మార్క్ కేంబ్రిడ్జిలో చదువు మధ్యలో మానేసి, వొకరి యింట తోటమాలిగా చేరాడు. ఆ తోట పక్క చిన్న కుటీరంలో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య అని విచారణలో తేల్చేశారు. ఎందుకు చేసుకున్నాడో కనుక్కోమని తండ్రి కార్డీలియాను నియమిస్తాడు. ఆమె వెళ్ళింది ఆత్మహత్యకు కారణం వెతకడానికి. దొరికింది హత్య. అదే ఆమె మొదటి హత్య కేసు.

ఇక్కడే నా గుండె ఆగినంత పనైంది. ఆమె తిన్నగా ఆ కుటీరానికి వెళ్ళి, అందులోనే మకాం పెట్టి, చుట్టూ చూస్తుంది. తోటలో కూరగాయల మడి తవ్వుతున్న సాలు చివరికంటా పూర్తి కాలేదు. ఇంకొద్ది అడుగులు తవ్వితే అయిపోతుంది. తవ్వే పార మట్టిలో గుచ్చినది గుచ్చినట్టే వుంది, కడగలేదు. తోటపని బూట్లు వాకిట్లో ఎట్లా పడితే అట్లా విడిచేసి వున్నాయి. తక్కిన పనిముట్లన్నీ శుభ్రంగా సర్దిపెట్టుకునే మనిషి! లోపల వండుకున్న మాంసం కూర తినకుండానే వుండిపోయింది. చావబోయేవాడు కూర వండుకుంటాడా? పనిమంతుడు సాలు మధ్యలో పార వదిలి వస్తాడా? ఎవరో వచ్చి పిలిచి వుండాలి. పని మధ్యలో ఆపవలసినంత దగ్గరి మనిషి అయి వుండాలి.

మిత్రులారా, వ్యవసాయపు కుటుంబంలో పుట్టినవాళ్ళకు ఈ వొక్క ఆధారం చాలు. మా వూళ్ళో కలుపుతీతకు వెళ్ళిన ఆడవాళ్ళు పట్టిన మునుం ఆ గట్టుకు చేర్చందే నడుం ఎత్తరు. మధ్యాహ్నం సద్దిమూట విప్పేది కూడా మునుం ముగిశాకే. నాన్న అయితే ఎంత చీకటి పడ్డా సగం సాలు వదిలి గట్టెక్కడు. పార కడక్కుండా ఇంటికి తెస్తే మా తాత పిల్లలనైనా వూరుకునేవాడు కాడు. సాలు సగంలో ఆగిందంటే పాము కనబడిందనో, పిడుగు పడిందనో, ఇంటి దగ్గర్నుంచి కబురొచ్చిందనో అర్థం. లండన్ నుంచి వచ్చిన పిల్లకు ఆ సంగతి తోచిందంటే అది దివ్యదృష్టి కాదు. పని అంటే ఏమిటో తెలిసిన కన్ను అది.

కొందరు పెద్దలు ఆడవాళ్ళను మెచ్చుకునే నెపంతో, "స్త్రీలకు సహజంగానే పసిగట్టే గుణం వుంటుంది, కనుక డిటెక్టివ్ పనికి పనికొస్తారు" అంటారు. నాకు ఆ మెప్పు వద్దు. కార్డీలియా పసిగట్టలేదు, పరీక్షించింది. ఉరి వేసిన పట్టీకి వేసిన ముడి సంగతి చూడండి. ఆ ముడి వేసుకుని మనిషి తనంతట తాను ఉరిపోసుకోగలడా అన్న అనుమానం కేసు చూసిన పోలీసు సార్జెంటుకు కూడా వుంది. కాని ఫైలు మూసేశారు, అతని చేతిలో ఏమీ లేదు. ఆమె చేతిలోనూ ఏ అధికారమూ లేదు. వున్నదల్లా వదిలిపెట్టని పట్టుదల. అడిగినచోటే మళ్ళీ అడుగుతుంది, విన్నదాన్ని చూసినదానితో సరిపోలుస్తుంది.

కథ ముడి విడిపోవడానికి సాయపడేది రక్త గ్రూపు. తల్లిదండ్రులని చెప్పబడేవాళ్ళ గ్రూపులతో కొడుకు గ్రూపు పొసగదు. ఎ, బి, ఓ గ్రూపులను 1901లో లాండ్‌స్టైనర్ కనిపెట్టిన సంగతీ, తల్లిదండ్రులిద్దరిదీ ఎ గ్రూపు అయితే బిడ్డది ఎ గాని ఓ గాని కావాలే తప్ప బి కాజాలదన్న సంగతీ మనం జెనెటిక్సులో చదివినవే. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నకు రాసి మరిచిపోయేవే. ఆ అయిదు మార్కుల జవాబు వొక హంతకుణ్ణి పట్టించగలదని తెలిసిన రోజు నాకు నా సబ్జెక్టు మీద గౌరవం పెరిగింది. ఇప్పుడు డి.యన్.ఎ. పరీక్షలు వచ్చాయి. ఆ విద్యను మన దేశంలో పాదుకొల్పిన లాల్జీ సింగ్ పనిచేసింది మన హైదరాబాదు సి.సి.యం.బి.లోనే. ఇంత దగ్గర్లో వున్న విద్య మా మావయ్యకు శవాల దగ్గర పనిగా మాత్రమే కనబడడం ఆయన తప్పు కాదు. మనం చెప్పకపోవడం మన తప్పు.

ఈ పని ఆడవాళ్ళకు కొత్తదీ కాదు. 1856లో అమెరికాలోని చికాగోలో కేట్ వార్న్ అనే యువతి పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీకి వెళ్ళి ఉద్యోగం అడిగింది. గుమాస్తా పనికి కాదు, డిటెక్టివ్‌గానే. మగవాళ్ళు అడుగు పెట్టలేని చోట్లకు ఆడది వెళ్ళగలదని, వాళ్ళతో చెప్పుకోని రహస్యాలు ఆడదానితో చెప్పుకుంటారని వాదించి వొప్పించింది. 1861లో, అధ్యక్ష పదవి స్వీకరించడానికి వెళుతున్న లింకన్‌ను దారిలో చంపడానికి కుట్ర జరుగుతోందని అనుమానం వచ్చినప్పుడు, ఆయన్ను జబ్బుపడిన తన సోదరుడిగా చూపి రైల్లో రాత్రికి రాత్రి దాటించిన వాళ్ళలో ఆమె వొకతె. మన దేశంలో ముంబయికి చెందిన రజనీ పండిత్ వొక హత్య కేసులో అనుమానితురాలి ఇంట పనిమనిషిగా చేరి ఆరు నెలలు గడిపానని పత్రికలకు చెప్పారు. చివరికి హంతకుడు ఆ ఇంటికి వచ్చిన రోజున, బయటికి వెళ్ళి కబురు చేయడానికి వేరే దారిలేక కాలు కోసుకున్నారట. పనిమనిషిని ఎవరు పట్టించుకుంటారు? మనం ఆడవాళ్ళను చూడకపోవడమే ఆమెకు ఆయుధమయింది!

మరి మన తెలుగులో? మా తాత పెట్టెలో కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు వున్నాయి. డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు నాకు చిన్నప్పటి చుట్టాలు. ఆ పెట్టెలో నేను చదివినంతవరకు ఆడది ఎక్కువగా శవమో, సాక్షో, హీరో కాపాడవలసిన పిల్లో అయి వుంటుంది. సినిమాల సంగతి సరేసరి. 1986లో వచ్చిన 'చంటబ్బాయ్'లోనూ, 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లోనూ ప్రైవేటు డిటెక్టివ్ మగవాడే. రెండూ నాకు ఇష్టమే, నవ్వుకుంటూ చూశాను. కాని ముప్ఫై మూడేళ్ళు గడిచినా మన చిన్న పట్నపు డిటెక్టివ్ గదిలో ప్రధానమైన కుర్చీ ఆడపిల్లకు రాలేదన్నది నిజం.

"ప్రమాదం కదమ్మా" అంటారు. ప్రమాదమే. నవలలో కార్డీలియాను పాడుబడ్డ బావిలోకి తోసి పైన మూత పెట్టేస్తారు. గోడకు వీపూ పాదాలూ ఆనించి అంగుళం అంగుళం పైకి పాకి, ఆ ఉరి వేసిన పట్టీనే ఆసరా చేసుకుని బతుకుతుంది. కాని ప్రమాదం లేని పని ఆడవాళ్ళకు ఎవరిచ్చారు గనక? మిరపచేలో మందు కొట్టే రోజుల్లో నీళ్ళు మోసి డ్రమ్ములో కలిపేది ఎవరు? ముక్కుకు కొంగు తప్ప ఏ అడ్డూ లేకుండా కలుపుతారే, అది తగిన పనా? కూలి తక్కువగా వున్న ప్రమాదం ఆడదానికి తగినది, పేరూ జీతమూ వున్న ప్రమాదం తగనిది! ఈ లెక్క ఎవరు వేశారో నాకు తెలియదు గాని, తప్పు లెక్క.

అయితే వొక సంగతి వొప్పుకోవాలి. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కు చట్టం యిచ్చిన అధికారం ఏమీ లేదు. ఆ వృత్తిని క్రమబద్ధం చేయడానికి 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. హత్య కేసు దర్యాప్తు పోలీసులది. ఆ శాస్త్ర పరీక్షలు ప్రభుత్వ లాబొరేటరీలవి. అందుకే నేను గొడుగూ, కోటూ వేసుకుని డిటెక్టివ్‌ను అవుతాననడం లేదు. లాబొరేటరీలో కూర్చుంటానంటున్నాను. పని రెండు చోట్లా వొకటే. సాలు ఎందుకు సగంలో ఆగిందని అడగడం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో వుండగా మా వీధి చివరింటి కోడలు పోయింది. పేరు చెప్పను. నన్ను 'చదువులమ్మా' అని పిలిచేది. కడుపునొప్పి భరించలేక పురుగుమందు తాగిందన్నారు. ఇట్లాంటి వార్త మీరూ పేపర్లో నాలుగు లైన్లలో ఎన్నోసార్లు చదివే వుంటారు. ఆవిడకు కడుపునొప్పి వున్నట్టు అంతకుముందు మా వీధిలో ఎవరం వినలేదు. పంచనామా అయింది, పెద్దమనుషులు సంతకాలు పెట్టారు, సాయంత్రానికి దహనం అయిపోయింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడది ఇట్లా పోతే మేజిస్ట్రేటు విచారణ జరగాలన్న నియమం వుంది. ఆవిడకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళు ఆలస్యంగా చచ్చిపోయింది, అంతే!

ఆ రాత్రి మా నాయనమ్మ మంచం మీద కూర్చుని తనలో తాను అనుకున్న మాట నేను విన్నాను. "పొద్దున దోసెలకు మినప్పప్పు నానబోసి, బియ్యం కూడా వేరే గిన్నెలో పోసిందే. చచ్చేది పప్పు నానబోసుకుంటదా?" నాయనమ్మ బడి ముఖం చూడలేదు. కార్డీలియా గ్రే పేరు వినలేదు. కాని కేంబ్రిడ్జి కుటీరంలో ఆ పిల్ల చూసిన మాంసం కూర గిన్నే, మా వీధిలో నాయనమ్మ చూసిన మినప్పప్పు గిన్నే వొకటే. తాత మాత్రం "వూరుకోవే. పోయినామె ఎట్లాగూ పోయింది. వున్న ఇద్దరు పిల్లల బతుకు చూడొద్దా? ఆ ఇంటి పరువేం కావాలి?" అన్నాడు. నాయనమ్మ వూరుకుంది. మర్నాడు కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళలో ముగ్గురు నలుగురికి అదే అనుమానం వున్నట్టు వాళ్ళ చూపుల్లోనే తెలిసింది. వాళ్ళూ వూరుకున్నారు.

అది హత్య అని నేను అనడం లేదు. నాకు తెలియదు. ఆత్మహత్యే అయివుండవచ్చు. మనసు చెదిరిన క్షణంలో నానబోసిన పప్పు ఎవరికి గుర్తుంటుంది? ఆత్మహత్యే అయినా ఎందుకన్న ప్రశ్న వుంది గదా! నా బాధల్లా, ఆ గిన్నె సంగతి ఎవరూ అడగలేదని. ఆధారం వుంది, చూసిన కన్ను వుంది, అడిగే నోరు లేదు. నాయనమ్మ అడగబోతే మేమే మూయించాం. మేమంటే నేనూ వున్నాను. నాకప్పుడు పదహారేళ్ళు, చెప్పాలంటే చెప్పగలను. చెప్పలేదు.

ఇందుకే నవల ముగింపుతో నాకు పేచీ. మార్క్‌ను చంపింది తండ్రే, ఆ పెద్ద శాస్త్రవేత్తే. కొడుకు పుట్టుక విషయంలో చేసిన పాత మోసం బయటపడితే తన లాబొరేటరీకి వచ్చే డబ్బు పోతుందని చంపాడు. విజ్ఞానం చదివేవాళ్ళం మనం ఇది కాస్త గుర్తుంచుకోవాలి. తెలివి వున్నంత మాత్రాన మనిషి అయిపోడు. నిజం తెలిసిన ఆ పిల్లవాడి కన్నతల్లి సర్ రోనాల్డ్‌ను కాల్చి చంపుతుంది. అప్పుడు కార్డీలియా ఏం చేస్తుంది? ఆ తల్లి మీద జాలితో, దాన్ని ఆత్మహత్యగా కనిపించేటట్టు సర్దుతుంది! పెద్ద పోలీసు అధికారి ఆడమ్ డాల్‌గ్లీష్ గుచ్చిగుచ్చి అడిగినా నోరు విప్పదు. ఆత్మహత్యగా సర్దిన హత్యను బయటపెట్టిన పిల్ల, తానే వొక హత్యను ఆత్మహత్యగా సర్దింది.

నా రూమ్మేటు ఇది చదివి చప్పట్లు కొట్టింది. చట్టం న్యాయం చేయని చోట ఆడది ఆడదానికి తోడు నిలిచిందంటుంది. ఆ తల్లి దుఃఖం నాకూ తెలుస్తుంది. చదువుతూ నేనూ ఆమె తప్పించుకోవాలనే కోరుకున్నాను. కాని పుస్తకం మూశాక మా తాత మాట వినబడింది. 'పోయినవాళ్ళు ఎట్లాగూ పోయారు, వున్నవాళ్ళ సంగతి చూడండి.' ఆయనదీ జాలే. పిల్లల మీద జాలి. మన వూళ్ళలో నిజాన్ని పాతిపెట్టేది ఎప్పుడూ దుర్మార్గులే కాదు, ఎక్కువసార్లు జాలిగుండె కలవాళ్ళే. కథలో ఆ జాలి మంచివాళ్ళ పక్షాన పడింది గనక మనకు తియ్యగా వుంది. జీవితంలో అది బలమున్నవాళ్ళ పక్షాన పడుతుంది. కనుక కార్డీలియా మొదటి కేసు సగం నెగ్గింది, సగం వోడిందని నా తీర్పు. ఆమె తగనిదై వోడలేదు. ఎంతో తగినదై వుండి, చివరి నాలుగు అడుగుల సాలు తవ్వకుండా గట్టెక్కింది.

ఈ మాట రాయడం తేలిక, నిలబడడం కష్టమని నాకు తెలుసు. రేపు లాబొరేటరీలో నా బల్ల మీదికి ఎవరో కోడలి తాలూకు సీసా వస్తుంది. ఎవరో వచ్చి 'ఇద్దరు పిల్లలున్నారమ్మా' అంటారు. అప్పుడు నేనేం చేస్తానో ఆ రోజే తేలాలి. ఉపాధ్యాయులకు నా మనవి వొకటే. అమ్మాయి వచ్చి ఈ చదువు చదువుతానంటే, భయపడకుండా ఏ పరీక్ష రాయాలో, ఎక్కడ సీట్లున్నాయో చెప్పండి. సోదర విద్యార్థులకు మనవి ఏమంటే, మీ ఇళ్ళలో నాయనమ్మలు ఏదన్నా గొణిగితే వూరుకోమనకండి, వినండి.

మావయ్యకు జవాబు చెప్పకుండానే సెలవులు అయిపోయాయి. బస్సు ఎక్కించడానికి వచ్చిన నాన్న దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. బస్సు కదలబోతుండగా కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ ఎమ్మెస్సీకి ఫీజు ఎంతవుద్ది?" అని అడిగాడు.